పార పట్టుకుని వెళ్ళండి, పులిహోర ప్యాకెట్లు తర్వాత

మీరు అడిగింది ఇదీ: మీ అపార్ట్‌మెంటు ఎత్తు మీద ఉంది, దిగువనున్న కాలనీలో మొన్నటి వానకి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మీరు పదిమంది కలిసి వెళ్ళి ఏదైనా చేద్దామనుకుంటున్నారు, కానీ అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇంటికి వెళ్తే ఏమనుకుంటారో, డబ్బులివ్వాలా వస్తువులివ్వాలా, అసలు ఏది పనికొస్తుంది అని.

నేను పాతికేళ్ళకు పైనే హైదరాబాద్‌లో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. 2000 ఆగస్టులో నీళ్ళొచ్చింది నా ఇంట్లోకే. 2020 అక్టోబరులో మాత్రం వేరేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి తడిసిన బోర్డులు విప్పాను. సాయం తీసుకున్నాను, చేశాను కూడా, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మొహమాటం సంగతి. అది మీకున్నదానికి పదింతలు అవతలివాళ్ళకి ఉంటుంది. నిన్నటిదాకా చుట్టాలొస్తే కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చిన మనిషి ఇవాళ ఇంట్లో డ్రైనేజీ కంపు మధ్య నిలబడి ఉంటాడు, ఎదురుగా బంధువొచ్చినా లోపలికి రమ్మనడానికి సిగ్గుపడతాడు. నిజం చెప్పాలంటే ఆ టైంలో తెలిసినవాళ్ళకన్నా తెలియనివాళ్ళే నయం. మా పెద్దమ్మ కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడి "అయ్యో ఎంత పని అయిందిరా, నాలా పక్కన ఇల్లు తీసుకోవద్దని అప్పుడే చెప్పినా కదా" అని వెళ్ళిపోయాడు. పార పట్టింది మాత్రం తెలియనివాళ్ళే.

అది 2000 ఆగస్టు 24. అప్పుడు నేను దోమలగూడ వైపు, హుస్సేన్ సాగర్ అలుగు నీళ్ళు పోయే నాలాకి దగ్గరగా రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆ ఒక్క రోజు లెక్కలో నగరంలో 24 సెంటీమీటర్ల వాన పడింది. సాగర్ నిండింది, నాలా పట్టలేదు, తెల్లవారేసరికి మంచం కోళ్ళు మునిగాయి. మేం పక్కవాళ్ళ డాబా ఎక్కి ప్రాణాలతో బయటపడ్డాం, కానీ నా బతుకుదెరువంతా కింద గదిలో ఉంది: డ్రిల్లింగ్ మిషను, వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్, రెండు సైట్లకి అడ్వాన్సు తీసుకుని కొన్న వైరు కట్టలు. నీళ్ళు తీశాక చూస్తే మోకాలి కిందిదాకా నల్లటి బురద, తలుపు సగమే తెరుచుకుంటోంది. మొదటి రోజు ఏమీ చెయ్యలేకపోయాను. ఆకలి వెయ్యలేదు, ఏడుపూ రాలేదు, గోడకానుకుని కూర్చున్నానంతే. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మీరు వెళ్ళినప్పుడు అలా కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు, "పాపం మనం వచ్చి చేస్తుంటే వీళ్ళు కూర్చుని చూస్తున్నారేంటి" అని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళది బద్ధకం కాదు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తోచక.

మూడో రోజు ముగ్గురు హమాలీలు వచ్చారు. బేగంబజార్‌లో బస్తాలు మోసేవాళ్ళట, గోడౌన్లు మునిగి పని లేదట, ఊరికే కూర్చోవడమెందుకని ఇటు వచ్చారట. నన్నేమీ అడగలేదు. ఒకాయన లోపలికి తొంగి చూసి "అన్నా, గమేళా ఉందా?" అన్నాడు. లేదన్నాను. వీధిలోకి వెళ్ళి ఎక్కడినుంచో సిమెంటు పనివాళ్ళ గమేళాలు రెండు తెచ్చాడు. ముగ్గురూ లైను కట్టి నింపడం, అందించడం, బయట పొయ్యడం. పావుగంటకి నేనూ లేచాను. నలుగురం కలిసి మధ్యాహ్నానికి రెండు గదులూ నేల కనిపించేలా చేశాం. మధ్యలో బురదలో నా టెస్టర్ దొరికితే అందులో పెద్దాయన దాన్ని బకెట్లో కడిగి, మెడలోని తువ్వాలుతో తుడిచి, కిటికీ గట్టు మీద ఎండ తగిలేలా పెట్టాడు. పది రూపాయల టెస్టర్. ఆయనకి అది ఏంటో కూడా తెలియదు, కానీ ఇది పనిముట్టు అని మాత్రం తెలిసింది. బస్తాలు మోసేవాడికి కొక్కెం ఎలాగో వీడికి ఇది అలాగ అనుకున్నాడేమో.

ఆ ముగ్గురి పేర్లు నేను అడగలేదు. వాళ్ళు నా పేరు అడగలేదు. అందుకే మీ ప్రశ్నలో "వాళ్ళెవరూ మాకు తెలియదు" అన్న మాట చూసి నవ్వొచ్చింది.

ఇక అసలు విషయం. వరద తర్వాత ఇంటికి కావలసింది బురద ఎత్తే చేతులు. ఇది చెప్పినంత తేలిక కాదు. బురద పచ్చిగా ఉన్నప్పుడే తియ్యాలి, నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి రెండెండలు తగిలితే గట్టిపడుతుంది, అప్పుడు గడ్డపారతో కొట్టాల్సి వస్తుంది, టైల్స్ పగులుతాయి. నీళ్ళు తగ్గుతుండగానే కాస్త నీళ్ళుంచుకుని దాంతోపాటే తోసేస్తే సగం పని అయిపోతుంది. లోపలి గదిలో మొదలుపెట్టి గుమ్మం వైపు రావాలి. గోడలు పైనుంచి కిందికి కడగాలి. తీసిన బురదని నాలాలోనో మ్యాన్‌హోల్‌లోనో పొయ్యొద్దు, తర్వాతి వానకి అదే వెనక్కి వస్తుంది. వీధి చివర ఒక చోట కుప్ప పోసి మున్సిపాలిటీవాళ్ళకి ఫోన్ చెయ్యండి, ట్రాక్టరు వచ్చేదాకా వదలకండి. పదిమందికి నాలుగు పారలు, ఆరు గమేళాలు, రెండు వైపర్లు, కొబ్బరి చీపుర్లు, గోనెసంచులు చాలు. చేతులకి రబ్బరు గ్లౌజులు, కాళ్ళకి గంబూట్లు తప్పనిసరి. హవాయి చెప్పులతో దిగిన కుర్రాళ్ళకి మేకులు దిగడం కళ్ళారా చూశాను. ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకుని ఎన్నేళ్ళయిందో గుర్తులేనివాళ్ళు ముందే వేయించుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే జ్వరం ఒకటుంది, కాళ్ళ మీద పుండ్లూ గాయాలూ ఉన్నవాళ్ళకి తేలిగ్గా అంటుకుంటుంది. అలాంటివాళ్ళని బురదలోకి దించకుండా వేరే పని అప్పగించండి. వెళ్ళొచ్చిన తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకి వరద నీళ్ళలో దిగిన సంగతి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు నా శాఖ. ఇక్కడ మాత్రం కచ్చితంగా ఉంటాను, ఏమనుకోవద్దు. నీళ్ళున్న ఇంట్లోకి అడుగుపెట్టేముందు కరెంటు తీసేశారో లేదో చూడాలి. మెయిన్ స్విచ్ దగ్గరికి నీళ్ళలో నడిచి వెళ్ళాల్సి వస్తే వెళ్ళొద్దు, 1912కి ఫోన్ చేసి లైనే తీయించండి. చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. వీధిలో కరెంటు లేదు కదా అని ధైర్యంగా తడి బోర్డు మీద చెయ్యి పెడతారు, లోపల ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ఆ వైర్లలో కరెంటు ఉన్నట్టే. 2020లో ఒకింట్లో నేనే తిన్నాను షాకు, ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా. ముందు బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ విడదీయించండి, అదీ తెలిసినవాడి చేతే.

మునిగిన ఫ్రిజ్, వాషింగ్ మిషన్, మిక్సీ, మోటారు ఏదైనా సరే, "ఒకసారి పెట్టి చూద్దాం" అనే మాట ఎవరన్నా అంటే అక్కడే ఆపండి. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, వైండింగ్‌లో తడి ఉంటుంది. పెట్టి చూడకుండా ఆరబెట్టి, షాపులో చూపించి ఉంటే బతికేది, ఆత్రంగా స్విచ్ వేసినందుకు కాలిపోతుంది. బైకు, కారు కూడా అంతే. ఇంజన్లోకి నీళ్ళు పోయిన బండికి సెల్ఫ్ కొడితే ఇంజన్ పాడవుతుంది, ఆపైన ఇన్సూరెన్సువాళ్ళతో పేచీ. తోసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి, ఫోటోలు మాత్రం ముందే తీసి పెట్టుకోవాలి, నీటి గీత గోడ మీద ఎంత ఎత్తున ఉందో కనిపించేలా. స్విచ్ బోర్డుల ప్లేట్లు విప్పి, బురద తీసి, రెండు మూడు రోజులు గాలాడనిచ్చి, మెగ్గర్‌తో చూశాకే కరెంటు ఇవ్వాలి. మీ పదిమందిలో ఎలక్ట్రీషియన్ లేకపోతే మీ అపార్ట్‌మెంటుకి రోజూ వచ్చే అతన్ని వెంటబెట్టుకెళ్ళండి, అతని రోజు కూలీ మీరు ఇవ్వండి. పదివేల రూపాయల దుప్పట్లు పంచడం కన్నా ఇది ఎక్కువ మేలు అని నా లెక్క. నా కులవృత్తి కాబట్టి అలా అంటున్నానని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు.

గ్యాస్ సిలిండర్ నీళ్ళలో తేలి ఎక్కడికో కొట్టుకుపోయి ఉంటుంది. రెగ్యులేటర్‌లో బురద ఉంటే కొత్తది పెట్టించుకునేదాకా ముట్టించొద్దు. వాసన వస్తే 1906.

ఇంకొకటి, సంపు, అంటే నేల కింద కట్టిన నీళ్ళ తొట్టి. మన ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉంటుంది, వరదకి డ్రైనేజీ నీళ్ళతో నిండుతుంది. దాన్ని మోటారుతో తోడించి, పొడుగు కర్ర బ్రష్షుతో కడగాలి. ఉత్సాహం కొద్దీ కుర్రాణ్ణి ఎవర్నీ లోపలికి దించొద్దు, మురుగు నిలిచిన సంపులో విషవాయువు ఉంటుంది, ఒకడు పడిపోతే వాణ్ణి తియ్యడానికి దిగిన రెండోవాడు కూడా పోతాడు. అలాగే బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట బాత్రూం యాసిడ్ పొయ్యొద్దు. 2020లో ఒకింట్లో ఎవరో మంచి మనసుతో రెండూ కలిపారు, తెల్లగా పొగ వచ్చి ఇద్దరు పిల్లలు దగ్గుతూ వీధిలో పడ్డారు. అదృష్టం కొద్దీ గాలి తగిలి తేరుకున్నారు.

2020 అంటే గుర్తొచ్చింది, అప్పటి సంగతి మీలో చిన్నవాళ్ళకి అంతగా తెలిసుండకపోవచ్చు. అక్టోబరు 13న పట్టుకున్న వాన తెల్లారేదాకా వదల్లేదు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు. పల్లె చెరువు తెగి పాతబస్తీ దిగువన అల్ జుబేల్ కాలనీ మీద పడింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవేనే కోసేసింది. టోలీచౌకీ నదీమ్ కాలనీలో రోజుల తరబడి నీళ్ళు నిలిచి పడవలు తిరిగాయి. మా వైపు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలదీ అదే గతి. పైనున్న చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండాలి, అది నిండితే ఇంకో చెరువు, అలా గొలుసుకట్టుగా మూసీ దాకా పోవాల్సిన నీళ్ళు. మధ్యలో దారి మూసి ఇళ్ళు కట్టుకున్నాం, నాతో సహా. కడగడం అయిపోయిందని చాపలు పరుచుకున్నవాళ్ళకి 17వ తేదీ రాత్రి మళ్ళీ వాన, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగడం. రెండోసారి కడగాల్సి వచ్చిన ఇళ్ళలో మనుషుల మొహాలు మొదటిసారిలా లేవు. మొదటి విడతలో వచ్చిన సాయం రెండో విడతకి సగం కూడా రాలేదు. అందరూ అలిసిపోయారు, టీవీవాళ్ళు కూడా.

అందుకే అంటున్నాను, మొదటి రోజే పరిగెత్తకండి. మొదటి రెండు రోజులు ప్రాణాలు కాపాడేవాళ్ళ పని, పడవలవాళ్ళు, పోలీసులు, విపత్తు బృందాలు, పక్కింటివాళ్ళు. అప్పుడు మీరెళ్తే దారికి అడ్డం. తిండి కూడా ఆ రెండు రోజులు వద్దంటే వస్తుంది. సరూర్‌నగర్‌లో ఒకే వీధిలోకి గంట వ్యవధిలో పులిహోర, వెజ్ బిర్యానీ, ఇడ్లీ ప్యాకెట్లు మూడు ట్రాలీ ఆటోల్లో వచ్చాయి, సాయంత్రానికి సగం పాడై అదే బురదలో కలిశాయి. ఆరో రోజు అదే వీధిలో ఒకావిడ నన్ను "అన్నా, ఒక కిలో బియ్యం ఎవరన్నా ఇస్తారా, అన్నం మేమే వండుకుంటాం" అని అడిగింది. ఆ రోజు ఒక్క బండి కూడా రాలేదు. కాబట్టి మూడో రోజు వెళ్ళండి, పదో రోజు మళ్ళీ వెళ్ళండి. పదో రోజు వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ.

తీసుకెళ్ళే వస్తువుల గురించి పెద్దగా చెప్పను, అడిగి తీసుకెళ్ళండి అంతే. ఎవరూ అడగలేనివి మాత్రం అడక్కుండానే పట్టుకెళ్ళండి: శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, చంటిపిల్లల డైపర్లు. బీపీ, షుగర్ మందులు నీళ్ళలో పోయి ఉంటాయి, చీటీ కూడా పోయి ఉంటుంది, అలాంటివాళ్ళని దగ్గర్లోని బస్తీ దవాఖానాకి (సర్కారు క్లినిక్కుకి) తీసుకెళ్ళి చూపించడం పెద్ద సాయం. విడిచిన పాత బట్టల మూటలు దయచేసి వద్దు. వరదలో సర్వం పోయిన మనిషి మీ చిరిగిన షర్టు కోసం ఎదురు చూస్తున్నాడని ఎవరు చెప్పారో నాకర్థం కాదు.

డబ్బు ఇవ్వొచ్చా అంటే ఇవ్వొచ్చు, చేతిలో పెట్టే పద్ధతిలో ఉంది విషయం. 2020లో ప్రభుత్వం ఇంటికి 10 వేలు ప్రకటించింది. కొందరికి అందింది, కొందరికి అందలేదు, మీ సేవ సెంటర్ల ముందు ఆడవాళ్ళు తెల్లవారుజామునుంచే లైన్లు కట్టారు, నవంబరులో గ్రేటర్ ఎన్నికల కోడ్ వచ్చి పంపిణీ ఆగిపోయింది. ఆ లైన్లో నిలబడ్డవాళ్ళకి దరఖాస్తులు నింపిపెట్టిన డిగ్రీ పిల్లలు ఇద్దరు ముగ్గుర్ని చూశాను. వాళ్ళ దగ్గర డబ్బు లేదు, పెన్నుంది, చదువుంది. ఆధార్ నంబరు చూసి రాసివ్వడం, తడిసిన బ్యాంకు పుస్తకంలో అకౌంటు నంబరు వెతకడం, ఇలాంటివి మీ అపార్ట్‌మెంటులో మోకాళ్ళ నొప్పులున్న రిటైరయిన పెద్దవాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని చెయ్యొచ్చు.

ఇంకో సంగతి. కాలనీకి వెళ్ళాక అసోసియేషన్ ప్రెసిడెంటు ఇంటి ముందు ఆగిపోకండి. ఆయన మేడ మీద ఉంటాడు, కింద పోర్షన్ అద్దెకుండేవాళ్ళది. మునిగింది వాళ్ళు. అంతకన్నా ముందు మునిగింది సెల్లార్‌లో గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం. ఆ వాచ్‌మన్ ఏ మహబూబ్‌నగర్ నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చినవాడై ఉంటాడు, రేషన్ కార్డు ఊళ్ళో ఉంటుంది, లిస్టులో పేరుండదు. సెల్లార్లో నీళ్ళు తోడించాలని అందరూ అంటారు, కార్లు తడిసిపోతున్నాయి కాబట్టి. ఆ గదిలో ఏముండేదో అడిగేవాళ్ళుండరు. మీరు అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఇక లోపలికి వెళ్ళాక ఏది పారెయ్యాలో మీరు నిర్ణయించొద్దు. దీనికి ఒక కథ చెప్పాలి.

సరూర్‌నగర్ చెరువు దిగువన పాలు పోసే ఒకావిడ ఉండేది, నాలుగు గేదెలు. నీళ్ళొచ్చే ముందే గేదెల్ని మెయిన్ రోడ్డు మీదికి తోలింది, ఇంట్లో సామాను సంగతి చూసుకునే టైం దొరకలేదు. నాలుగో రోజు ఇంజనీరింగ్ పిల్లలు ఓ ఎనిమిది మంది వచ్చారు, బంగారంలాంటి పిల్లలు, రెండు గంటల్లో ఇల్లు ఖాళీ చేసేశారు. నేను బోర్డు విప్పుతుంటే బయటనుంచి కేక. ఆవిడ చెత్తకుప్ప మీద మోకాళ్ళేసుకుని వెతుకుతోంది. ఏం పోయిందమ్మా అంటే "లెక్కల పుస్తకం" అంది. గోడకి మేకుకి వేలాడదీసి ఉండే పొడుగు నోటుబుక్కు. ముప్పైకి పైగా ఇళ్ళ పాల బాకీ అంతా అందులో ఉంది. పిల్లల కంటికి అది బురద ముద్ద, విసిరేశారు.

దొరికింది. దొరికాక విసిరేసిన కుర్రాడే, మొహం చిన్నబుచ్చుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. విప్పబోతే నేను ఆపాను, తడి కాగితాలు లాగితే చిరుగుతాయి. ముందు మంచినీళ్ళలో మెల్లగా ముంచి పైబురద పోగొట్టి, నీళ్ళు కారిపోయేలా నిలబెట్టి, తర్వాత విడిపోయిన పేజీల మధ్య మాత్రమే న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టుకుంటూ నీడలో ఆరబెట్టమన్నాను. పక్కింటి డాబా మీద వాటర్ ట్యాంకు నీడన ఇటుక ముక్కలు బరువు పెట్టి ఆరబెట్టాడు. రెండు గంటలకోసారి పేపర్లు మార్చాడు. మర్నాడు వచ్చి మళ్ళీ మార్చాడు. సాయంత్రానికి అంకెలు కనిపించాయి, దాదాపు అన్నీ. పెన్నుతో రాసుంటే అలికిపోయేది, ఆవిడ పెన్సిల్‌తో రాసింది. ఎందుకమ్మా పెన్సిలు అంటే, "లెక్క తీరితే రబ్బరుతో తుడిపేస్తా బిడ్డా, పుస్తకం మళ్ళీ పనికొస్తది" అంది.

సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు, పెళ్ళి ఫోటోలు అన్నిటికీ ఇదే పద్ధతి. ఒకదానికొకటి అంటుకున్న ఫోటోల్ని బలవంతంగా విడదియ్యకండి, చల్లటి శుభ్రమైన నీళ్ళలో ఉంచితే చాలావరకు వాటంతటవే వదులుతాయి. రెండు రోజుల్లో ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మీ ఇంటి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, బూజు పట్టకుండా ఉంటుంది, తీరిగ్గా తీసి ఆరబెట్టుకోవచ్చు. కరెంటున్న మీ ఇంటి ఫ్రిజ్‌లో ఒక అర ఇవ్వడం కూడా సాయమే కదా.

కాబట్టి ప్రతి వస్తువూ గుమ్మం బయట ఒక పట్టా పరిచి దాని మీద పెట్టండి. పారేసేది ఇంటివాళ్ళు, ముఖ్యంగా ఇంటావిడ, "పారెయ్యి" అన్నాకే. మీ బృందంలో ఆడవాళ్ళు తప్పనిసరిగా ఉండాలి, బీరువాలు, వంటింటి డబ్బాలు వాళ్ళు ముడితే బాగుంటుంది. పాతబస్తీ వైపు వెళ్తే మరీను. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు గుమ్మం దాటకుండా "ఖాలా, సామాను బయట పెట్టండి, మేం కడిగిస్తాం" అంటే వాళ్ళకీ ఇబ్బంది ఉండదు, మీకూ. ఫోటోలు, సెల్ఫీలు వద్దని నేను చెప్పాలా? వాళ్ళ నష్టం లెక్కకి కావలసిన ఫోటోలు వాళ్ళ ఫోన్లో తీసివ్వండి, ఫోన్ పోయి ఉంటే మీ ఫోన్లో తీసి పంపండి.

బురదలో పాము కనిపిస్తే కర్ర ఎత్తొద్దు, మన ఊళ్ళో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవాళ్ళున్నారు, వచ్చి పట్టుకెళ్తారు. బట్టల కుప్పలు, పరుపులు చేత్తో ఒక్కసారి ఎత్తకుండా ముందు కర్రతో కదిపి చూడండి.

"తెలియనివాళ్ళకి సాయం చేస్తారా ఈ రోజుల్లో" అని మీ ప్రశ్న చివర రాశారు చూడండి, దానికి నా దగ్గర పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాన్ని పట్టుకుని 150 మంది దాకా బతికారని చెప్తారు. ఎప్పుడన్నా అటు పోతే చూడండి. ఒక్క చెట్టుకి అంతమంది అంటే ఒకరి భుజం మీద ఇంకొకరి కాలు పడకుండా కుదరదు కదా అని నాకనిపిస్తుంది. ఎవరు ఎవరికి చెయ్యందించారో ఎవరూ రాసిపెట్టలేదు. 2024 సెప్టెంబరులో ఖమ్మం మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే జేసీబీ తీసుకుని వరదలోకి వెళ్ళి తెచ్చింది హర్యానా నుంచి పని కోసం వచ్చిన డ్రైవరు. ఆయనకి వాళ్ళు ఏమవుతారు?

ఇంతకీ గుమ్మం దగ్గర ఏమనాలి అన్నారు. "ఏమైనా సాయం కావాలా" అని అడిగితే ఎవరైనా "వద్దండీ, ఫరవాలేదు" అనే అంటారు, మనవాళ్ళ నోటికి అలవాటైన మాట అది. "అమ్మా, పారలు తెచ్చాం, ఏ గదినుంచి మొదలుపెట్టమంటారు?" అనండి. చెయ్యి చూపిస్తారు.

ఇక ఆఖరున ఒక్కటి. సాయంత్రం పని అయ్యాక వాళ్ళు టీ ఇస్తారు. ఎక్కడినుంచో స్టవ్ అరువు తెచ్చి, పక్కవీధినుంచి గ్లాసులు అడిగి తెచ్చి ఇస్తారు. మీరు "అయ్యో ఎందుకండీ, మీరే కష్టాల్లో ఉన్నారు" అంటారు. అనకండి. 2000లో ఆ ముగ్గురు హమాలీలు మధ్యాహ్నం చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంటే వాళ్ళకి గ్లాసుడు నీళ్ళివ్వడానికి కూడా నా దగ్గర లేదు, ఆ సంగతి ఇన్నేళ్ళయినా నాకు గుచ్చుకుంటూనే ఉంది, ఇల్లు మునిగిన సంగతి మర్చిపోయాను గానీ. పాలావిడ ఆ రోజు మాకు ఇచ్చిన టీ అంతా పాలే, చక్కెర కూడా దండిగా వేసింది, నాకు షుగరు. ఆ కుర్రాడు నా వైపు చూశాడు, తాగమంటావా అన్నట్టు. ఇద్దరం తాగాం. ఆవిడ గిన్నెలో మిగిలింది కూడా మా గ్లాసుల్లోనే వంచింది.